పటమూ, పంచాంగమూ

తొలకరి దగ్గరపడింది. నాట్ల వేళకు గట్ల మీద పాములూ తిరుగుతాయి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని పరిశోధకుల అంచనా. అందులో సగం మరణాలు జూన్-సెప్టెంబరు నెలల్లోనే. దాదాపు అన్నీ పల్లెల్లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది 2017లో!

పాముకాటుది రుతువుల గడియారమైతే, బోదకాలుది మరో గడియారం. దాని సూక్ష్మక్రిములు పగలు ఊపిరితిత్తుల్లో నక్కి, దోమ కుట్టే వేళకు, రాత్రి, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది పొద్దుపోయాక టార్చిలైటుతో తలుపు తట్టి, నిద్రకళ్లతో లేచినవాళ్ల వేలికొస నుంచి చుక్క రక్తం తీసుకుంటారు.

నిర్లక్ష్యానికి గురైన ఇలాంటి వ్యాధుల మీద తెచ్చిన ఈ సంచికలో వ్యాసకర్తలు వేరు, ఊళ్లు వేరు. అందరినీ కలిపిన దారం మాత్రం ఒకటే: ఈ జబ్బులు గాలివాటంగా రావు. చోటు తెలుసు, రుతువు తెలుసు. తెలిసీ ఆలస్యంగా కదలడమే నిర్లక్ష్యం. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాము విషానికి మందు ఉందా? వానలు పడకముందే అడగండి. మేము ఈ సంచిక తెచ్చింది అందుకే.

— సంపాదకవర్గం