నియమం ముందు తెలుగులో రాయనివ్వండి

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ వంటి చోట్ల తెలుగులో లెక్కలు చెప్పుకున్న పిల్లలు కంప్యూటర్ పాఠం రాగానే వెనక్కి తగ్గుతారు. అక్కడ ప్రతి మెట్టూ ఇంగ్లిష్‌లోనే రాయాలన్న నమ్మకం బడుల్లో పాతుకుపోయింది. ఈ నమ్మకానికి ఊతమిచ్చే పాఠాల్లో ‘స్ట్రక్చర్డ్ ఇంగ్లిష్’ ఒకటి. పేరులోనే ఇంగ్లిష్ ఉంది కదా, ఇక తెలుగుకు చోటెక్కడ అని ఉపాధ్యాయులూ అనుకుంటారు. ఆ పద్ధతి ఎందుకు పుట్టిందో చూస్తే అభిప్రాయం మారుతుంది.

ఒక కార్యాలయం పనిని కంప్యూటర్‌కు అప్పగించాలంటే, ముందు ఆ పని ఎలా జరుగుతుందో సిబ్బందిని అడిగి రాసుకోవాలి. రాసింది సిబ్బందికీ, ప్రోగ్రాం రాసేవారికీ ఒకే అర్థం ఇవ్వాలి. అందుకే తక్కువ మాటలతో, కచ్చితమైన అమరికతో రాసే పద్ధతి వచ్చింది. 1970వ దశకం చివర్లో టామ్ డిమార్కో వంటివారు దాన్ని పుస్తకాల్లోకి తెచ్చారు. దానికి ఆధారం మూడే అమరికలు: ఒకదాని తర్వాత ఒకటి చేయడం, షరతును బట్టి ఎంచుకోవడం, మళ్లీ మళ్లీ చేయడం. ఏ గణననైనా ఈ మూడింటితో చెప్పవచ్చని బోమ్, జాకోపినీ 1966లో నిరూపించారు. ఈ మూడూ ఏ ఒక్క భాష సొత్తూ కావు. పని తెలిసినవారు చదివి ‘అవును, ఇలాగే చేస్తాం’ అనగలగాలన్నదే అసలు షరతు. అమెరికా కార్యాలయంలో అది ఇంగ్లిష్ అయింది. మన తరగతి గదిలో అది తెలుగే కావాలి.

పిల్లలకు తెలిసిన రైలు టికెట్‌నే తీసుకుందాం. స్లీపర్ తరగతిలో పిల్లల చార్జీ నియమం 2016 ఏప్రిల్ నుంచి మారింది. దాన్ని ఇలా రాయవచ్చు:

వయసు 12 ఏళ్లు నిండితే
— పూర్తి చార్జీ
నిండకపోతే
— విడిగా బెర్తు అడిగితే
— — పూర్తి చార్జీ
— అడగకపోతే
— — వయసు 5 ఏళ్లు నిండితే
— — — సగం చార్జీ
— — నిండకపోతే
— — — టికెట్ అక్కర్లేదు

ఇందులో అయిదో తరగతి పిల్లలకు తెలియని మాట లేదు. పైగా తెలుగు ఇక్కడ రెండు మేళ్లు చేస్తోంది. ‘5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం చార్జీ’ అంటే సరిగ్గా పన్నెండో పుట్టినరోజున ఏం చేయాలో తేలదు. ‘నిండితే, నిండకపోతే’ అనగానే ఆ సందేహం పోతుంది. ఇక రెండోది: మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి షరతు ముందు, పని తర్వాత సహజంగానే వస్తాయి. ఇంగ్లిష్‌లో పని ముందు చెప్పి షరతును తోకగా తగిలించే అలవాటుంది. దాన్ని మాన్పించడానికి అక్కడ నియమం పెట్టుకోవాలి. మళ్లీ మళ్లీ చేసే పనికీ మన దగ్గర మాటలున్నాయి: ‘వరుసలో ఒక్కరైనా ఉన్నంతసేపు’, ‘బిందె నిండేదాకా’.

తెలుగులో చిక్కులు లేవని కాదు. ‘60 ఏళ్లు దాటిన స్త్రీలు, పురుషులు’ అంటే వయసు షరతు ఇద్దరికీనా, స్త్రీలకేనా? ‘లేకపోతే’ అన్నప్పుడు అది పైనున్న ఏ షరతుకు చెందుతుంది? రెండో చిక్కు తీరడానికే పై ఉదాహరణలో గీతలు పెట్టి లోపలికి జరిపి రాశాం. ఇలాంటి చిక్కులు ప్రతి భాషలోనూ ఉంటాయి. వాటిని పట్టుకోవడమే ఈ పాఠం నేర్పాల్సిన విద్య. తనకు బాగా తెలిసిన భాషలోనే పిల్లవాడు వాటిని ముందుగా పట్టుకోగలడు.

పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటుంది కదా, రెండుసార్లు నేర్పడం భారం కాదా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పైథాన్ భాషలో ప్రత్యేక పదాలు మొత్తం 35 దాకా ఉంటాయి. బడి స్థాయికి అందులో పదీ పన్నెండు చాలు. తర్కం కుదిరిన పిల్లవాడికి ‘అయితే’ బదులు ‘ఇఫ్’, ‘ఉన్నంతసేపు’ బదులు ‘వైల్’ అని రాయడానికి ఒక పేజీ పట్టిక సరిపోతుంది. తర్కం కుదరకుండా ఆ పదాలు బట్టీ పట్టినవాడు పరీక్షలో కొత్త లెక్క ఇస్తే చేతులెత్తేస్తాడు. తమిళనాట, కన్నడనాట, ఒడిశాలో చదివే మన పిల్లలు ఎలాగూ రెండు మూడు భాషల మధ్య మాటలు మార్చుకుంటూనే ఉంటారు. ఆ అలవాటు ఇక్కడ వాళ్లకు అక్కరకొస్తుంది.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన గురించి 1956లో రాజ్యాంగంలో చేరిన 350–ఎ అధికరణం ప్రాథమిక దశకే పరిమితం. ఆ పై తరగతుల్లో తెలుగు ఏ మేరకు నిలుస్తుందన్నది చాలావరకు మన ఉపాధ్యాయుల చేతుల్లో ఉంది. కథలకూ పద్యాలకే తెలుగు, ఆలోచించి తేల్చే పనులకు వేరే భాష అని పిల్లలు ఒకసారి అనుకున్నాక, వాళ్లను తెలుగు తరగతిలో నిలపడం కష్టం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. దీనికి ల్యాబు అక్కర్లేదు, కొత్త పుస్తకమూ అక్కర్లేదు. వారానికి ఒక పీరియడులో ఒక నియమం ఇవ్వండి: గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చే తీరు, ఆటల జట్టు ఎంపిక, మధ్యాహ్న భోజనానికి బియ్యం కొలిచే పద్ధతి. ఒకరు తెలుగులో మెట్లుగా రాయాలి. ఆ పని తెలియని ఇంకొకరు అక్షరం పొల్లుపోకుండా దాని ప్రకారం చేయాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ రాసినవారు దిద్దుకోవాలి. దిద్దిన కాగితాన్నే ఇంగ్లిష్‌లోకీ, ఆ తర్వాత ప్రోగ్రాంలోకీ మార్చమనండి. ఒక్క టర్ము ఇలా చేసి, పిల్లల నోటుపుస్తకాలు పాతవాటితో పక్కపక్కన పెట్టి చూడండి.