పగలబడి నవ్వే విలన్

బ్రిటిష్ నటుడు టాడ్ స్లాటర్‌ది ఓవర్ యాక్షన్ అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ అతి వెనుక లెక్క ఉంది.

1885లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పుట్టిన ఈయన, 1920లలో లండన్ ఎలిఫెంట్ అండ్ కాసిల్ థియేటర్ నడుపుతూ పాత మెలోడ్రామాలకు మళ్లీ జనాన్ని రప్పించాడు. తెరకెక్కేసరికి యాభై ఏళ్లు. థియేటర్లు ఇంత వాటా బ్రిటిష్ సినిమాలే ఆడించాలని 1927లో చట్టం రావడంతో, చుట్టేసిన చౌక సినిమాలకు గిరాకీ పెరిగింది. అదీ ఆయనకు కలిసొచ్చింది.

1935 నాటి ఆయన సినిమా ‘మరియా మార్టెన్’ నిజంగా జరిగిన హత్య కథే. అసలు హంతకుడు విలియం కార్డర్‌ను 1828లో ఉరితీసేనాటికి పాతికేళ్లు. స్లాటర్ అతణ్ణి ముదురు జమీందారుగా మార్చేశాడు. చరిత్రకు అన్యాయమే, ఆటకు మాత్రం లాభం!

మరుసటి ఏడాది ‘స్వీనీ టాడ్’లో మంగలి వేషం చూడండి. చేతులు రుద్దుకుంటూ, ఇకిలిస్తూ, గిరాకీని ఆప్యాయంగా కూర్చోబెడతాడు. కుర్చీ తిరగబడుతుంది, మనిషి నేలమాళిగలో పడతాడు. వెనక వరుస ప్రేక్షకుడికీ అందాలన్న రంగస్థల క్రమశిక్షణే అది. సహజత్వం కొలబద్దతో దాన్ని కొలవడం విమర్శకుల తప్పు.

1956లో డెర్బీలో చనిపోయే ముందు కూడా ఆయన ఆడింది మరియా మార్టెన్ నాటకమే. అప్పటికి డెబ్బై ఏళ్లు.