టీకాతోనే తీరని బాధ్యత

రుణశేషం, శత్రుశేషం, వ్యాధిశేషం మిగల్చరాదని పెద్దలు చెబుతారు. పసిపిల్లలను బలిగొనే న్యుమోనియాపై సాగుతున్న పోరాటంలో మన పాలకులు ఈ హితవును విస్మరించరాదు.

న్యుమోనియాకు ప్రధాన కారణాలలో ఒకటైన న్యుమోకాకస్ బాక్టీరియాను ఎదుర్కొనే టీకా 2017లో మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరింది. ఐదు రాష్ట్రాలకే పరిమితమైన ఆ టీకాను దేశమంతటికీ విస్తరించి, ఏటా 50 వేలకు పైగా శిశుమరణాలను నివారిస్తామని ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ 2021 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు. ఆ ఏడాదే విస్తరణ ఆరంభమైంది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ స్వదేశీ టీకాను రూపొందించడం కూడా హర్షణీయమే. అయితే, బాధ్యత అంతటితో తీరదు.

న్యుమోకాకస్‌లో దాదాపు 100 రకాలున్నాయి. పైనున్న తొడుగును బట్టి వాటిని వేరుచేస్తారు. టీకా ఆ తొడుగునే గుర్తుపట్టేలా శరీరాన్ని సిద్ధం చేస్తుంది. స్వదేశీ టీకా 10 రకాలను ఎదుర్కొంటుంది. పిల్లల ముక్కు, గొంతులలో చప్పుడు లేకుండా మనుగడ సాగించే ఈ సూక్ష్మజీవులలో టీకాకు లొంగిన రకాలు తొలగగానే, ఆ చోటును తక్కినవి ఆక్రమిస్తాయి. కొన్నయితే తొడుగునే మార్చుకుని తప్పించుకుంటాయి.

అమెరికా అనుభవమే ఇందుకు తార్కాణం. అక్కడ 2000లో 7 రకాల టీకా ప్రవేశపెట్టిన అనంతరం, అందులో లేని 19ఏ రకం విజృంభించింది. అది పలు ఔషధాలకు లొంగకపోవడం సమస్యను జటిలం చేసింది. ఆ రకాన్ని కూడా చేర్చిన 13 రకాల టీకా 2010లో వచ్చింది. మన స్వదేశీ టీకాలోనూ 19ఏ ఉంది. బ్రిటన్‌లో టీకాలో లేని రకాల వల్ల వృద్ధులలో వ్యాధి పెరిగింది.

అంతమాత్రాన టీకా వృథా అని వాదించడం అవివేకం. కొత్త రకాలు తలెత్తినా, అమెరికా చిన్నారులలో న్యుమోకాకస్ తీవ్ర వ్యాధి మొత్తంమీద గణనీయంగా తగ్గింది. 19ఏ విజృంభణ సకాలంలో బయటపడిందంటే, అక్కడి నిరంతర నిఘాయే అందుకు కారణం.

మనకు కావలసిందీ అదే. యాంటీబయాటిక్స్ ఇవ్వకముందే రోగి రక్త నమూనా సేకరించి, బాక్టీరియా రకాన్ని తేల్చే ఏర్పాటు జిల్లా ఆసుపత్రులకు అందుబాటులోకి రావాలి. టీకాల కొనుగోలుకు వెచ్చించే నిధులతో పాటు ఈ పనికీ ఏటా బడ్జెట్‌లో కేటాయింపు ఉండాలి. శత్రువు వేషం మార్చినా తెలుసుకోలేని పాలన చేతిలో ఎంత మంచి ఆయుధమైనా మొద్దుబారక తప్పదు. ఆ మూల్యం చెల్లించేది పసివారే.