జేబులో ఉన్న ఓటుకు విలువ ఉండదు

2010 డిసెంబర్ 22న అధ్యక్షుడు ఒబామా ఒక బిల్లు మీద సంతకం చేశాడు. అమెరికా సైన్యంలో గే సైనికుల మీద 1993 నుంచి ఉన్న నిషేధాన్ని ఎత్తేసే బిల్లు అది. 'అడగొద్దు, చెప్పొద్దు' అని ఆ పాత చట్టానికి పేరు. గే అయినా సైన్యంలో ఉండొచ్చు, కానీ ఆ సంగతి బయటపడకూడదు, పడితే ఇంటికే. అలా 13 వేల మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

'ఈ గొడవ మనకెందుకన్నా?' అని కొందరు మిత్రులు అడుగుతారని తెలుసు. మన సినిమాల్లో గే అంటే ఒక వెకిలి జోకు, అంతకు మించి మనం ఆలోచించలేదు. నా మటుకు హక్కు హక్కే, అది ఎవరిదైనా సరే. ఆ మాట కాసేపు పక్కన పెట్టినా, ఒక చిన్న వర్గం ఒకే పార్టీకి ఏళ్ల తరబడి ఓటేస్తే ఏమొస్తుంది, ఏం రాదు అన్నది వాళ్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది. పార్టీల చేతిలో పదే పదే మోసపోయిన మనకంటే ఆ చరిత్ర ఎవరికి ఎక్కువ అవసరం?

ముందు డెమోక్రాట్ల సంగతి చూద్దాం. గే ఓటర్లలో ఎక్కువ మంది ఎప్పుడూ వాళ్ల వైపే. 2004లో ఎగ్జిట్ పోల్స్ ప్రకారం వాళ్లలో నూటికి 77 మంది కెర్రీకి వేశారు. మరి బదులుగా దక్కిందేమిటి? పైన చెప్పిన సైన్యం చట్టం మీద సంతకం చేసింది డెమోక్రాట్ క్లింటన్. 1996లో పెళ్లంటే ఆడ, మగ మధ్య మాత్రమే అని కేంద్ర చట్టం వచ్చింది. దాని మీద సంతకం కూడా ఆయనదే. సెనేట్‌లో ఆ చట్టానికి అనుకూలంగా 85 ఓట్లు, వ్యతిరేకంగా 14. అనుకూలంగా వేసినవాళ్లలో ఆ తర్వాత ఉపాధ్యక్షుడైన బైడెన్ ఒకడు.

ఆ చట్టం ఏం చేసేదో వీసా బాధలు పడ్డ మనకు వేరే చెప్పక్కర్లేదు. భార్యకో భర్తకో గ్రీన్ కార్డు ఆలస్యమైతే మనం ఎంత గోల పెడతాం! మసాచుసెట్స్‌లో చట్టబద్ధంగా పెళ్లి చేసుకున్న ఇద్దరు మగవాళ్లలో ఒకరు అమెరికన్, ఇంకొకరు విదేశీయుడు అనుకోండి. 2013 దాకా ఆ విదేశీయుడికి భర్తగా గ్రీన్ కార్డు వచ్చేది కాదు. మనం నిలబడే క్యూ పొడవైనదే కావచ్చు, అప్పట్లో వాళ్లకు అసలు క్యూనే లేదు.

2008లో ఒబామా ఈ రెండు చట్టాలనూ ఎత్తేస్తానన్నాడు. గెలిచిన తర్వాత 2009 జూన్‌లో ఆయన న్యాయశాఖే కోర్టుకెళ్లి పెళ్లి చట్టాన్ని సమర్థించింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మనవాళ్లు ఊరికే అన్నారా?

అలాగని రిపబ్లికన్లు ఉద్ధరించారా అంటే అదీ లేదు. 2004లో బుష్ ఏకంగా రాజ్యాంగాన్నే సవరించి గే పెళ్లిళ్లు ఆపాలన్నాడు. కానీ ఆ పార్టీలోనే లాగ్ క్యాబిన్ రిపబ్లికన్స్ అని గే సభ్యుల సంఘం ఒకటి ఉంది. సొంత పార్టీ అధ్యక్షుడే అయినా ఆ ఏడాది బుష్‌ను బలపరచం అని వాళ్లు తెగేసి చెప్పారు. అదే ఏడాది సైన్యం చట్టం మీద కోర్టులో దావా కూడా వేశారు. 2010 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. విచిత్రం చూడండి, దావా వేసింది రిపబ్లికన్ సంఘం, తీర్పు మీద అప్పీలుకు వెళ్లింది డెమోక్రాట్ ప్రభుత్వం!

మా ఆఫీసులో నా పక్క సీటతను గే. పదిహేనేళ్లుగా డెమోక్రాట్లకే ఓటేసినవాడు 2010 నవంబర్‌లో రిపబ్లికన్‌కు వేశానన్నాడు. ఎందుకయ్యా అంటే, 'నేను ఎక్కడికీ పోనని వాళ్లకు తెలుసు, అందుకే నన్ను పట్టించుకోరు' అన్నాడు. అతనొక్కడే కాదు. ఆ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్‌లో గే ఓటర్లలో 31 శాతం రిపబ్లికన్లకు వేసినట్టు తేలింది. 2008లో మెకెయిన్‌కు వచ్చింది 27 శాతం.

అతని కోపం నాకు అర్థమైంది. కానీ అతని లెక్క పూర్తిగా సరైంది కాదు. నవంబర్ ఎన్నికల్లో ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతికి పోయింది. కొత్త సభ 2011 జనవరిలో కూర్చుంది, ఆలోపు కాకపోయుంటే బిల్లు అటకెక్కేదే. డిసెంబర్ 9న, అవును, మనం మరిచిపోలేని అదే తేదీన, సెనేట్‌లో బిల్లు ముందుకు కదలడానికి 60 ఓట్లు కావాలి, 57 వచ్చాయి. అంతా అయిపోయిందనుకున్నారు. సెనేటర్లు లీబర్‌మన్, కాలిన్స్ దాన్ని విడి బిల్లుగా మళ్లీ తెచ్చారు. 18న 65-31తో గెలిచింది, వేసినవాళ్లలో 8 మంది రిపబ్లికన్లు. కొన్ని వారాలు ఆలస్యమైతే నా మిత్రుడి కోపం అతని హక్కునే మింగేసేది.

మరి పని చేసింది ఏది? నా లెక్కలో విధేయత కాదు, గుడ్డి కోపమూ కాదు. న్యాయశాఖ కోర్టులో చేసిన పనికి నిరసనగా కొందరు గే దాతలు డెమోక్రాట్ పార్టీ విందుకు వెళ్లకుండా చందాలు ఆపారు. సైన్యం నుంచి తీసేసిన లెఫ్టినెంట్ డాన్ చోయ్ వైట్ హౌస్ కంచెకు తనను తాను సంకెళ్లతో కట్టేసుకున్నాడు, అదీ తాము గెలిపించిన అధ్యక్షుడి ఇంటి ముందు. ఇంకో పక్క కోర్టు కేసు నడిచింది. మరో పక్క అవతలి పార్టీలో కలిసొచ్చే ఎనిమిది మంది దొరికారు. ఈ నాలుగు వైపుల ఒత్తిడే సంతకం దాకా తెచ్చింది. అయినా అప్పటికి పని పూర్తి కాలేదు. అధ్యక్షుడు, రక్షణ మంత్రి, సైన్యాధిపతి సిద్ధమని రాసివ్వాల్సి ఉండింది, ఆ తర్వాత 60 రోజులు ఆగాల్సి ఉండింది, అప్పుడే అమలు. పెళ్లి చట్టమైతే అప్పటికి అలాగే ఉండింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి ఒక్క మాట. 2004లో మన ఓట్లతో గెలిచినవాళ్లు 'ఏకాభిప్రాయం', 'తగిన సమయం' అని కాగితం మీద రాసిచ్చారు. 2009 డిసెంబర్ 9న ఇచ్చింది 23న వెనక్కి తీసుకున్నారు. 2011 జనవరి 6న బయటికొచ్చిన నివేదికలో శ్రీకృష్ణ కమిటీ ఆరు దారులు చూపించి చేతులు దులుపుకుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, జేబులో ఉన్న ఓటు ఏ పార్టీకీ కనబడదు. 2010 జులై ఉప ఎన్నికల్లో పన్నెండుకు పన్నెండు సీట్లలో తెలంగాణకు అడ్డుపడ్డవాళ్లకు జనం వాత పెట్టారు. అప్పుడు మాత్రం అందరికీ కనబడింది.

ఇక్కడికి వచ్చే నాయకులకు మనం విందులిస్తాం, శాలువాలు కప్పుతాం, ఫోటోలు దిగుతాం, చెక్కులు రాస్తాం. ఈసారి చెక్కు రాసే ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: పోయినసారి చెప్పింది ఎంతవరకు చేశావు? జవాబు వచ్చేదాకా పెన్ను మూత తీయొద్దు. అది మన పార్టీ అయితే ఇంకా గట్టిగా అడగాలి.