లింక్ వెనక కమీషన్ ఉంటే ఆ ముక్క ముందే చెప్పాలె

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తండాల్లో, గూడేల్లో మిర్చి, పత్తి పండించే ఇండ్లకు కమీషన్ అంటే ఏందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనుమాముల మార్కెట్‌కు సరుకు పోతే అడ్తిదారు కమీషన్ పట్టుకుంటడు. ఆ రేటు న్యాయమా కాదా అనేది వేరే కొట్లాట. కానీ ఎంత పట్టుకున్నడో తక్‌పట్టీ చూసి నిలదీయొచ్చు.

ఇప్పుడు మన ఫోన్లలో ఇంకో అడ్తి నడుస్తున్నది. దానికి తక్‌పట్టీ లేదు.

డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో చదువుకునే మన పిల్లలు నోటిఫికేషన్ల కోసం సైట్లు, టెలిగ్రామ్ ఛానెళ్లు చూస్తరు. అక్కడ 'ఈ పుస్తకం తప్పకుండా కొనండి' అని ఒక లింక్ ఉంటది. ఆ లింక్‌లో పెట్టినవాళ్ల కోడ్ కలిసి ఉంటది. మనం దాని మీద నొక్కి కొంటే కంపెనీ వాళ్లకు కొంత శాతం ఇస్తది. చాలాసార్లు మనకు ధర పెరగదు, నిజమే. కానీ సలహా మారిపోతది. హాస్టల్ లైబ్రరీలో ఉన్న పుస్తకం గురించి, ఉచితంగా దొరికే తెలుగు అకాడమీ పాత కాపీ గురించి చెప్తే వాళ్లకు రూపాయి రాదు. కొత్తది కొనిపిస్తేనే వస్తది.

దీనికి రూల్ లేదనుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. దాని కింద 2022లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు వచ్చినయి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం విడిగా సూచనలు ఇచ్చింది. డబ్బులు తీసుకున్నా, ఫ్రీగా వస్తువు తీసుకున్నా, ఆ సంబంధం సులభమైన మాటల్లో, కనబడేటట్టు చెప్పాలె. హ్యాష్‌ట్యాగుల గుంపులో, లింకుల మధ్యన దాచొద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

దాపరికం ఎక్కడిదాకా పోతదో బెట్టింగ్ యాప్‌ల విషయంలో చూసినం. తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్ 2017 నుంచే నిషేధం. అయినా ప్రమోషన్లు ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో ప్రమోట్ చేసినవాళ్ల మీద కేసులు నమోదైనయి. పుస్తకం లింక్, బెట్టింగ్ లింక్ ఒకటి కాదు. కానీ 'నేను గెలిచిన, మీరూ ఆడండి' అన్నోడికి డబ్బులు ఎవరు ఇస్తున్నరో ముందే తెలిస్తే కొందరైనా ఆగేటోళ్లు.

'ఛానెల్ నడిపేది కూడా మన పేద పిల్లలే కదా, నాలుగు రూపాయలు వస్తే మీకేంది బాధ?' అని కొందరు అడుగుతరు. మాకు ఏ బాధా లేదు. నోటిఫికేషన్లు వెతికి పెట్టడం కష్టమే, ఆ కష్టానికి ఫలితం రావాలె. చెప్పి తీసుకుంటే అది కూలి, దాచి తీసుకుంటే దళారీతనం. దళారుల చేతుల్లో మన తాతలు పడ్డది చాలు.

అందుకే గ్రూప్ సభ్యులను ఒకటే కోరుతున్నం. లింక్ పెట్టేటప్పుడు మొదటి లైన్లనే తెలుగులో రాయండి: 'ఈ లింక్ ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తది.' రాయనోళ్లను మర్యాదగా అడగండి. మోసం అనిపిస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. చెప్పినోళ్ల లింక్ మీదనే నొక్కుదాం, వాళ్లకే ఆ నాలుగు రూపాయలు పోనిద్దాం.