కిలోమీటరు లెక్క ఒక్కటే చాలదు



ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరుకు రూపాయిన్నర, పెట్రోలు కారుకు ఎనిమిది రూపాయలు అనే మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. అందులో అబద్ధమేమీ లేదు. హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయలు. మన ట్రాఫిక్‌లో లీటరుకు 13 కిలోమీటర్లు వస్తే గొప్పే. ఇంటి కరెంటు పై స్లాబులో యూనిట్‌కు 9, 10 రూపాయలు పడినా చిన్న ఎలక్ట్రిక్ కారు దాని మీద ఏడు కిలోమీటర్లు నడుస్తుంది. కానీ ఇది నడిపే ఖర్చు. కొనే ఖర్చు సంగతి? 9 లక్షల కొత్త ఎలక్ట్రిక్ కారుకూ 3.5 లక్షల సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారుకూ తేడా 5.5 లక్షలు. 9 శాతం చొప్పున దాని మీద వడ్డీయే ఏడాదికి దాదాపు 50 వేలు. రాంనగర్ నుంచి అబిడ్స్‌కో సచివాలయానికో రోజూ రానూపోనూ పది కిలోమీటర్లు నడిపే ఉద్యోగికి ఏడాదికి ఇంధనం మీద మిగిలేది 20 వేలు. హైటెక్ సిటీకి రోజూ 40 కిలోమీటర్లు తిరిగేవారికి మాత్రం 80 వేలు మిగులుతాయి. వారికి ఎలక్ట్రిక్ కారే లాభం.

పాత కారుకు రిపేర్లుండవా అంటారు. ఉంటాయి. ఏడాదికి అదనంగా 20 వేలు వేసుకున్నా, తక్కువ దూరం తిరిగేవారికి ఆ వడ్డీ పూడదు. పైగా కొత్త కారుకు బీమా ఎక్కువ. పొగ మాటేమిటన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నారాయణగూడ చౌరస్తాలో నిలబడినవారెవరూ దాన్ని కొట్టిపారేయలేరు. అయితే పొగ తగ్గాలంటే ఎక్కువ దూరం తిరిగే కార్లు ముందు మారాలి. వాటికి అడ్డం పడుతున్నది ధర కంటే ఛార్జింగే. రాంనగర్, అశోక్‌నగర్ గల్లీల్లో సగం కార్లు రోడ్డు మీదే నిద్రపోతాయి. మూడో అంతస్తులో కిరాయికి ఉండేవారు వైరు ఎక్కడి నుంచి లాగాలి? సెల్లార్ ఉన్నచోట అసోసియేషన్ ఒప్పుకోవాలి. బయట ఫాస్ట్ ఛార్జింగ్‌కు యూనిట్ 20 రూపాయలైతే, హైటెక్ సిటీ ఉద్యోగికి వడ్డీ పోను మిగిలే 30 వేలలో సగానికి పైగా అక్కడే కరిగిపోతుంది.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. 2026 డిసెంబర్ 31 దాకా అది అమల్లో ఉంటుంది. మంచిదే, కానీ కారు ధర పెరిగేకొద్దీ రోడ్డు ట్యాక్స్ పెరుగుతుంది గనుక, మాఫీలోనూ పెద్ద వాటా ఖరీదైన కార్లు కొనేవారిదే. సొంత గేటు, సొంత మీటరు ఉన్న వారికి అదనపు బహుమతి అది. గడువు పొడిగించేటట్లయితే మాఫీని తక్కువ ధర కార్లకే పరిమితం చేయాలి. మిగిలిన సొమ్ముతో పాత కాలనీల గల్లీల్లో, ఇంటి కరెంటు ధరకే దొరికేలా ఛార్జింగ్ పాయింట్లు పెట్టాలి. అపార్ట్‌మెంట్‌లో ఛార్జర్ పెట్టుకుంటామంటే కాదనే హక్కు అసోసియేషన్‌కు లేకుండా ఉత్తర్వు ఇవ్వాలని రవాణా, విద్యుత్ శాఖలను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రాంనగర్, హైదరాబాద్