ఇంటిలెక్కయు ఋణవిమోచనమును

అప్పు అను మాట వినని గృహము మన ప్రాంతమున అరుదు. విత్తనములకో, వైద్యమునకో, వివాహమునకో, ఇంటికప్పు మరమ్మతునకో, పిల్లల చదువునకో అది యొకనాడు గడప దాటి లోనికి వచ్చును. వచ్చిననాడు దాని మొత్తము, తేదీ, ఇచ్చినవారి పేరు ఇంటిల్లిపాదికిని తెలియును. కొన్నియేండ్లు గడచిన పిమ్మట, ఇంతవఱకు ఎంత చెల్లించితిరి, అందు వడ్డీకి పోయిన దెంత, అసలునకు చేరిన దెంత, ఇంకను నిలిచిన దెంత యని యడిగినచో సరిగా చెప్పగలవారు మిక్కిలి తక్కువ. పెద్ద అప్పుకంటె లెక్క తెలియని అప్పే యెక్కువ భారమని మా యభిప్రాయము. ఆ భారమును దించుకొనుటకు దినదిన కుటుంబవ్యయమును వ్రాసియుంచుట మొదటి మెట్టని యీ వ్యాసమున మనవి చేయదలచితిమి.

ఇట్టి విషయము పాఠశాల సంచికలో నేల యని కొందఱు అడుగవచ్చును. ఇంటి యప్పు భారము తుదకు బిడ్డల పుస్తకములమీదనే పడును గనుక ఇక్కడనే చెప్పవలసియున్నది. వడ్డీకి సొమ్ము కుదరని యింట తొమ్మిదవ తరగతి బాలుడు విశాఖపట్టణమునకో హైదరాబాదునకో కట్టడపు పనికి పోవును. బాలిక చదువు మానిపించబడును. హాజరుపట్టీ పిలుచునప్పుడు ఒక పేరునకు బదులు రాకపోవుటకు కారణము రోగమే కానక్కఱలేదు. అనేక పర్యాయములు అది నోటు వాయిదా.

ముందుగా వడ్డీ మాట చూతము. మన యూళ్లలో వడ్డీని సంవత్సరమునకు చెప్పరు, నూటికి నెలకింత యని చెప్పుదురు. “నూటికి రెండు” అనునది వినుటకు స్వల్పముగా నుండును; అది యేటికి నూటికి ఇరువదినాలుగు. ఒక కుటుంబము 40,000 రూపాయలు ఈ వడ్డీకి తెచ్చినదనుకొందము. నెలకు వడ్డీ 800 రూపాయలు. తప్పక నెలనెలకు ఆ 800 మాత్రమే చెల్లించుచు పోయినచో అయిదు సంవత్సరములలో 48,000 రూపాయలు చేతినుండి పోవును. అసలు 40,000 చెక్కుచెదరక యటులనే నిలుచును. అదే కుటుంబము నెలకు మఱియొక వేయి రూపాయలు కూర్చి 1,800 చెల్లించి, ఆ వేయి అసలులో జమ కట్టించుకొన్నచో రెండవ నెల వడ్డీ 780, మూడవ నెల 759 చిల్లర, ఇట్లు తగ్గుచు ముప్పదవ నెలలో అప్పు పూర్తిగా తీరును. మొత్తము చెల్లించునది సుమారు 53,400 రూపాయలు. మొదటి యింటికిని రెండవ యింటికిని భేదము సంపాదనలో లేదు. నెలకు వేయి, అనగా దినమునకు ముప్పదిమూడు రూపాయలు ఎక్కడ దొరకునో తెలిసికొనుటలో నున్నది. ఆ ముప్పదిమూడు రూపాయల జాడ తెలుపునదే ఇంటిలెక్క.

ఏమియు చెల్లింపక యూరకున్నవాని సంగతి ఇంతకంటె కఠినము. ప్రామిసరీ నోటుపై దావా వేయుటకు సాధారణముగా మూడు సంవత్సరముల గడువు. ఆ గడువు దాటకుండ అప్పిచ్చినవారు నోటు తిరుగ వ్రాయింతురు. అప్పుడు వడ్డీ కూడ అసలులో కలియును. పైన చెప్పిన 40,000 మూడేండ్లకు 28,800 వడ్డీతో 68,800 రూపాయల క్రొత్తనోటగును. మఱి మూడేండ్లకు అది 1,18,336 అగును. ఎనిమిదవ తరగతిలో బారువడ్డీ, చక్రవడ్డీ అని మేము నల్లబల్లపై వ్రాయునది వేఱు, తండ్రి వ్రేలిముద్ర వేయునది వేఱు అని విద్యార్థులు తలపరాదు. రెండును ఒకటే.

దినవసూలు అప్పు మాటయు చెప్పవలెను. చిన్న వర్తకులకు, బండ్లపై అమ్ముకొనువారికి 9,000 చేతికిచ్చి, 10,000 అని వ్రాసికొని, దినమునకు నూరు రూపాయల వంతున నూరు దినములు వసూలు చేయు పద్ధతి యున్నది. వేయి రూపాయలే గదా, నూటికి నెలకు మూడు రూపాయల చిల్లర పడునని తీసికొనువాడు తలచును. కాని యేబదవ దినమునకే అతడు 5,000 తిరిగి యిచ్చివేసెను. తొమ్మిదివేలును నూరు దినములు అతని చేత నిలువలేదు. సగటున అందు సగమే నిలిచినది. సరిగా లెక్కించినచో నూటికి నెలకు ఆఱు రూపాయలు దాటును. ఈ లెక్క తెలిసినవాడు అత్యవసరమైననే తప్ప ఆ సొమ్ము ముట్టడు.

లెక్కపత్రము పేదవానికి కవచమగునని మన బొబ్బిలి చరిత్రమును సాక్ష్యమిచ్చును. 1937 ఎన్నికలలో బొబ్బిలినుండి గెలిచిన వి. వి. గిరిగారు మంత్రిగా నుండిన రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1938లో మదరాసు వ్యవసాయదారుల ఋణసహాయ చట్టమును చేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వము చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ ఆ చట్టముచే రద్దయ్యెను. అసలునకు రెట్టింపు సొమ్ము అదివఱకే చెల్లించిన రైతు అప్పు పూర్తిగా తీరినట్లే యెంచబడెను. ఇట్టి చట్టము వచ్చినప్పుడు, చెల్లించితినని నోటితో చెప్పువానికంటె రసీదు చూపగలవానికి బలమెక్కువ యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇటీవలి కాలమున 2010లో మన రాష్ట్రమున సూక్ష్మఋణసంస్థల విషయమై గొప్ప సంక్షోభము కలిగెను. ఒకే యింటికి పలు సంస్థలు అప్పులిచ్చుట, ఒకదాని వాయిదాకు మఱియొకదాని యొద్ద తెచ్చుట, వసూలుకై ఒత్తిడి చేయుట దానికి ముఖ్యకారణములు. ఆ యేడు అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి వసూలు పద్ధతులకు కళ్లెము వేసెను. చట్టము అప్పిచ్చువాని చేయి పట్టుకొనగలదు గాని, ఒక అప్పుతో మఱియొక అప్పు తీర్చుచున్నామని ఇంటివారికి తెలుపలేదు. అది తెలుపవలసినది ఇంటి పుస్తకమే.

పొదుపు సంఘములలోని స్త్రీలు ఈ విషయమున మనకు మార్గదర్శినులు. క్రమముగా సమావేశమగుట, క్రమముగా పొదుపు చేయుట, లోలోపల అప్పులిచ్చికొనుట, వాయిదా తప్పక చెల్లించుట, పుస్తకములు వ్రాయుట అను పంచసూత్రములను వారు పాటింతురు. సంఘపు పుస్తకములో ఒక్క రూపాయి తేడా వచ్చినను సరిచూచువఱకు లేవరు. అంత జాగ్రత్తగల తల్లి యింటికి వచ్చినతోడనే పాలకెంత, నూనెకెంత, సెల్‌ఫోనునకెంత అను లెక్క విడిచిపెట్టుట వింతగదా! సంఘమునకు పుస్తకమున్నది, దుకాణమునకు పుస్తకమున్నది, అప్పిచ్చినవానికి పుస్తకమున్నది. లేనిది మన యింటికే.

ఇక వ్రాయు విధానము. ఇన్నూరు పుటల నోటుపుస్తకము చాలును. ఎడమపుట జమ, కుడిపుట ఖర్చు. రాత్రి భోజనమైన పిమ్మట ఆనాటి రాకపోకలు వ్రాయవలెను. మఱునాటికి విడిచినది మఱువబడును. కిరాణాకొట్టులో అరువు తెచ్చిన సరకును సొమ్ము చెల్లించిననాడు కాక, తెచ్చిననాడే వ్రాయవలెను. లేనియెడల నెలాఖరున పద్దు చూచి ఉలికిపడవలసివచ్చును. 2016లో యూపీఐ వచ్చినది మొదలు ఫోనుతో చెల్లించుట యలవాటైనది. ఫోనులో తేదీయు మొత్తమును నిలుచును గాని, ఆ సొమ్ము దేనికో నిలువదు. నోటు విప్పి యిచ్చునప్పటి సంకోచమును ఫోను పోగొట్టినది. కావున ఫోను ఖర్చును గూడ పుస్తకమున ఎక్కింపవలెను.

పుస్తకము చివర కొన్ని పుటలు అప్పులకు విడువవలెను. ఒక్కొక్క అప్పునకు ఒక్కొక్క పుట. పైన ఇచ్చినవారి పేరు, తేదీ, అసలు, వడ్డీ. క్రింద చెల్లించిన ప్రతి మొత్తమును వడ్డీకెంత, అసలునకెంత యని రెండు గడులుగా వ్రాయవలెను. నోటు అప్పిచ్చినవాని యొద్దనే యుండును గనుక దాని వెనుక చెల్లు వ్రాయించుటయే కాక, చేవ్రాలుతో వేఱు రసీదును పొందవలెను. పలు అప్పులున్నచో, తక్కినవాని వాయిదాలు తప్పకుండ నడుపుచు, మిగులు సొమ్ము ఎక్కువ వడ్డీగలదానికి ముందు చెల్లింపవలెను. సంఘమునందు నూటికి రూపాయి వడ్డీకి అప్పు దొరకి, దానితో నూటికి మూడు రూపాయల అప్పును తీర్చినచో లాభమే. కాని పాత నోటు చేతికి వచ్చినదాకా ఆ లాభము లాభము కాదు.

ఏటికొకసారి వచ్చు ఖర్చును ఆకస్మికమని యనరాదు. సంక్రాంతియు క్రిస్మసును ఏటేట వచ్చునవే. జూనులో బడి తెఱచుట అందఱికిని తెలిసినదే. బట్టలకు, పుస్తకములకు ఏటికి 6,000 కావలసినచో నెలకు 500 వేఱుగా నుంచవలెను. అట్లుంచని యిల్లు పండుగనాడు నవ్వి, ఆ నవ్వునకు తరువాతి పండుగదాక వడ్డీ కట్టును.

దీనికి కొన్ని ఆక్షేపణలు వినబడును. నెలజీతము గలవారికి లెక్క గాని, కూలివారికేమి లెక్క యని కొందఱందురు. గొల్లపల్లిలో పనసకొయ్యను చెక్కి వీణను చేయు పనివానికి వీణ అమ్ముడైననాడే రొక్కము. రైతునకు పంట వచ్చిననాడే రొక్కము. ఇట్టివారికే లెక్క మఱింత యవసరము. ఒకనాటి రాబడి ఎన్ని దినములకు రావలెనో వారే చూచుకొనవలెను గదా!

వ్రాసినంతమాత్రమున కూలి పెరుగునా యని మఱికొందఱందురు. పెరుగదు. బియ్యమునకే చాలని రాబడిగల యింట ఏ పుస్తకమును మిగులు చూపలేదు; అట్టి యింటివారిని దుబారా చేసితిరని నిందించుట పాపము. అయినను వారికిని పుస్తకము నిరర్థకము కాదు. ఇంతకంటె ఎక్కువ చెల్లింపజాలమని అప్పిచ్చినవారికి, సంఘమునకు, బ్యాంకునకు నిజము చూపి వాయిదాలను సవరింపుమని యడుగుటకు అది ఆధారమగును.

మూడవ ఆక్షేపణ యన్నిటికంటె ముఖ్యమైనది. లెక్క వ్రాసిన యింట కలహము పుట్టునని చెప్పుదురు. అది నిజమే, పుస్తకమును కొరడాగా వాడినచో కలహము తప్పదు. భర్త టీ ఖర్చును భార్యయు, భార్య పూలఖర్చును భర్తయు ప్రతిదినము విచారింపబూనినచో ఇద్దఱును దాచుట నేర్తురు; అబద్ధపు లెక్క వ్రాయుటకంటె లెక్క లేకుండుటయే మేలు. కావున పెద్దలకు ఒక్కొక్కరికి దినమునకు కొంత చిన్న మొత్తము, పదియో ఇరువదియో, ఎవ్వరును ప్రశ్నింపరానిదిగా విడువవలెను. అది పుస్తకములో “స్వంతము” అని వ్రాసిన చాలును. తక్కినది మాత్రము తెఱచిన పుస్తకముగా నుండవలెను. భార్యకు తెలియని అప్పు, భర్తకు తెలియని చీటీ ఏ యింటను మేలు చేయలేదు.

పిల్లలకు అప్పు సంగతి తెలియరాదని తలచు తలిదండ్రుల వాత్సల్యము మేమెఱుగుదుము. అయినను పిల్లలకు తెలియనే తెలియును. గోడచాటున విని భయపడుటకంటె, పుస్తకమున చూచి తెలిసికొనుట వారికి మేలు. చదువుకొను బిడ్డ చేతికి కలమిచ్చి కూడికలు చేయింపుడు. అప్పులవాని యెదుట నిలుచు పని మాత్రము బిడ్డకు పెట్టకుడు. లెక్క బిడ్డ వ్రాయవచ్చును, బాధ్యత పెద్దలదే.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి, కొనసాగించుటకు తగినది తన యొద్ద కలదో లేదో లెక్కచూచుకొనునను ఉపమానమును మన విద్యార్థులు విన్నవారే. కట్టుటకు వలెనే, కూలినదానిని తిరిగి నిలుపుటకును కూర్చుండి లెక్క చూచుకొనవలెను.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింట ఒక పుస్తకము తెఱువుడు. మొదటి నెల ఏమియు తగ్గింపనక్కఱలేదు, ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. రెండవ నెల అందఱును కూర్చుండి ఆ ముప్పదిమూడు రూపాయలు వెదకుడు. తలిదండ్రులారా! వారు వ్రాసినదానిని కోపపడక చదువుడు. అప్పు తీరి పాత నోటు చేతికి వచ్చిననాడు దానిని ఆ పుస్తకపు చివరిపుటకు అంటించి, క్రింద తేదీ వేయింపుడు.